దారి చెప్పే పాత ప్రోగ్రాములు ఎక్కడున్నాయి?

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు రోడ్డు మీద పోవాలనుకుందాం. ఏ దారిన పోవాలి?

ఒకాయన "నిర్మల్, ఆర్మూరు, జగిత్యాల మీదుగా పోండి. రోడ్డు బాగుంటుంది" అంటాడు. ఇంకొకాయన "ఉట్నూరు, జన్నారం మీదుగా మంచిర్యాల చేరి, అక్కడినుంచి పోండి. అదే దగ్గర" అంటాడు. ఇద్దరూ ఆ దారుల్లో తిరిగినవాళ్ళే. మరి ఎవరి మాట వినాలి?

ఈ రోజుల్లో ఇలాంటి చిక్కు వస్తే ఫోను తీసి చూస్తారు. ఊరి పేరు చెప్పగానే తెర మీద నీలిరంగు గీత ఒకటి కనిపిస్తుంది. కాని ఆ లెక్క సాధారణంగా ఫోను ఒక్కటే చేయదు. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లు చేసి పంపుతాయి. ఫోన్లకు ఈ తెలివి రాకముందే, 1980లలోను 1990లలోను, బల్ల మీద పెట్టుకునే కంప్యూటరు కూడా దారి చెప్పేది. అందుకు ఇంటర్నెట్టు అక్కరలేదు. ఉపగ్రహమూ అక్కరలేదు. ఊళ్ళు, రోడ్లు, దూరాలు అన్నీ కొన్ని ఫ్లాపీల్లోనో ఒక సీడీలోనో ఇమిడి ఉండేవి.

ఆ పాత ప్రోగ్రాముల కోసం ఇప్పుడు కొందరు వెతుకుతున్నారు. కొత్తవి ఉండగా పాతవి ఎందుకని మీరు అడగవచ్చు. పాత ప్రోగ్రాము చిన్నది. అది ఎలా పనిచేస్తుందో మనకు అర్థమవుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. దాన్ని తెలుసుకోవాలంటే ముందు కంప్యూటరు దారిని ఎలా కనిపెడుతుందో చూడాలి.

కంప్యూటరుకు రోడ్డంటే ఏమిటి?

కంప్యూటరుకు చెట్లు, చేలు, వాగులు తెలియవు. దానికి తెలిసింది అంకెలే. కాబట్టి ప్రతి ఊరినీ ఒక చుక్క అనుకుంటాం. రెండు ఊళ్ళను కలిపే రోడ్డును ఒక గీత అనుకుంటాం. గీత పక్కన దూరం రాస్తాం. అంతే, పటం తయారైనట్టే.

మన ప్రాంతపు పటం ఒకటి ఇలా తయారు చేద్దాం. లెక్క సులువుగా ఉండటానికి దూరాలను దగ్గరి పదికో అయిదుకో సరిచేసి, సుమారుగా తీసుకుందాం. ప్రయాణానికి బయలుదేరేవాళ్ళు ఈ అంకెలను నమ్ముకోకూడదు!

ఆదిలాబాద్ – నిర్మల్: 80 కి.మీ.
ఆదిలాబాద్ – ఉట్నూరు: 55 కి.మీ.
నిర్మల్ – ఆర్మూరు: 40 కి.మీ.
ఆర్మూరు – జగిత్యాల: 70 కి.మీ.
జగిత్యాల – కరీంనగర్: 50 కి.మీ.
ఉట్నూరు – జన్నారం: 40 కి.మీ.
ఉట్నూరు – ఆసిఫాబాద్: 60 కి.మీ.
జన్నారం – మంచిర్యాల: 60 కి.మీ.
ఆసిఫాబాద్ – మంచిర్యాల: 70 కి.మీ.
మంచిర్యాల – కరీంనగర్: 80 కి.మీ.

ఇంకా చాలా రోడ్లున్నాయి. పటం చిన్నదిగా ఉండాలని వాటిని వదిలేశాం. ఇన్ని తక్కువ రోడ్లే ఉంటే అన్ని దారులనూ కూడి చూసుకోవచ్చు. కాని ఒక దేశంలోని ఊళ్ళన్నీ తీసుకుంటే? దారుల సంఖ్య లెక్కకు అందనంతగా పెరిగిపోతుంది. వాటన్నింటినీ ఒక్కొక్కటిగా కూడుతూ కూర్చుంటే ఎంత వేగంగా పనిచేసే కంప్యూటరుకైనా తెల్లారదు. కాబట్టి ఒక ఉపాయం కావాలి.

ఇరవై నిమిషాల్లో తట్టిన ఉపాయం

ఆ ఉపాయాన్ని 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని గణిత కేంద్రంలో పనిచేస్తున్నాడు. అక్కడ ఆర్మాక్ అనే కొత్త కంప్యూటరు తయారయింది. దాన్ని చూడటానికి వచ్చేవాళ్ళలో గణితం తెలియనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు కూడా అర్థమయ్యే లెక్క ఒకటి చేయించి చూపాలి. "ఈ ఊరినుంచి ఆ ఊరికి దగ్గరి దారి ఏది?" అన్న ప్రశ్న అందరికీ అర్థమవుతుంది కదా!

డైక్‌స్ట్రా ఒకరోజు తనకు కాబోయే భార్యతో కలిసి బజారుకు వెళ్ళాడు. తిరిగి తిరిగి అలసిపోయి ఇద్దరూ ఒక కాఫీ హోటలు ముందు కూర్చున్నారు. అక్కడ కాగితమూ పెన్సిలూ లేకుండానే, ఇరవై నిమిషాల్లో ఆయనకు ఉపాయం తట్టింది. కాగితం లేకపోవడమే మేలయిందని, చిక్కులన్నీ వదిలేసి తేలికగా ఆలోచించవలసి వచ్చిందని ఆయనే తరువాత చెప్పాడు. దాన్ని 1959లో ప్రచురించాడు.

ప్రదర్శన కోసం నెదర్లాండ్స్ దేశంలోని 64 ఊళ్ళతో పటం తయారు చేశాడు. సరిగ్గా 64 ఎందుకు? కంప్యూటరు ప్రతి ఊరికీ ఇచ్చే సంఖ్యను సున్నాలతోను ఒకట్లతోను రాస్తుంది. ఆరు స్థానాలుంటే 2×2×2×2×2×2, అంటే 64 వేర్వేరు సంఖ్యలు రాయవచ్చు. ఊరికి ఆరు స్థానాలు చాలునన్నమాట.

ఇప్పుడు ఆ ఉపాయాన్ని మన పటం మీద ప్రయోగిద్దాం. కాగితం తీసుకుని మీరూ వెంట రాయండి.

బయలుదేరే చోటు ఆదిలాబాద్. దాని పక్కన 0 రాద్దాం. అక్కడినుంచి నేరుగా పోగలిగిన ఊళ్ళు రెండు: ఉట్నూరు 55, నిర్మల్ 80. ఇందులో చిన్నది 55. కాబట్టి ఉట్నూరును 'ఖాయం' చేద్దాం. అంటే ఉట్నూరుకు ఇంతకంటే దగ్గరి దారి లేదని తీర్మానించామన్నమాట. ఎందుకు లేదు? ఉట్నూరుకు చుట్టుదారిన రావాలంటే ముందు నిర్మల్‌కు పోవాలి. అక్కడికే 80 అయిపోయింది. ఏ రోడ్డు పొడవూ సున్నాకంటే తక్కువ ఉండదు కదా!

ఉట్నూరు నుంచి జన్నారానికి 55+40=95. ఆసిఫాబాద్‌కు 55+60=115. ఇప్పుడు ఖాయం కాని ఊళ్ళలో అన్నింటికంటే చిన్న అంకె నిర్మల్‌ది, 80. దాన్ని ఖాయం చేద్దాం. నిర్మల్ నుంచి ఆర్మూరుకు 120.

తరువాత చిన్నది జన్నారం, 95. దాన్ని ఖాయం చేస్తే మంచిర్యాలకు 155 వస్తుంది. తరువాత ఆసిఫాబాద్, 115. అక్కడినుంచి మంచిర్యాలకు 185 అవుతుంది. కాని మంచిర్యాల పక్కన ఇప్పటికే 155 ఉంది. కాబట్టి 185ను కొట్టేద్దాం.

తరువాత ఆర్మూరు, 120. అక్కడినుంచి జగిత్యాలకు 190. తరువాత మంచిర్యాల, 155. అక్కడినుంచి కరీంనగర్‌కు 235. అప్పుడే సంతోషించకండి! 235 ఇంకా ఖాయం కాలేదు. జగిత్యాల అంకె 190, అంతకంటే చిన్నది. ముందు దాన్ని ఖాయం చేయాలి. జగిత్యాల నుంచి కరీంనగర్‌కు 240. ఇది 235కంటే ఎక్కువ. కొట్టేద్దాం. ఇప్పుడు కరీంనగర్ 235 వద్ద ఖాయం అయింది.

మన అంకెల ప్రకారం ఉట్నూరు దారే దగ్గర. అయితే తేడా అయిదు కిలోమీటర్లే.

దగ్గరిది వేరు, తొందరగా చేరేది వేరు

నిర్మల్ దారి చెప్పినాయన తప్పు చెప్పాడా? లేదు. ఆయన మనసులో ఉన్నది దూరం కాదు, కాలం.

ఆదిలాబాద్ నుంచి ఆర్మూరు దాకా పెద్ద రహదారి. 120 కిలోమీటర్లను గంటకు 60 కి.మీ. వేగంతో పోతామనుకుంటే రెండు గంటలు. ఆర్మూరు నుంచి కరీంనగర్‌కు ఇంకో 120 కిలోమీటర్లు. గంటకు 40 చొప్పున మూడు గంటలు. మొత్తం అయిదు గంటలు. రెండో దారిలో మంచిర్యాల దాకా 155 కిలోమీటర్లు అడవి, గుట్టలు, వంపులు. గంటకు 30 చొప్పున అయిదు గంటల పది నిమిషాలు. మిగిలిన 80కి గంటకు 40 చొప్పున రెండు గంటలు. మొత్తం ఏడు గంటల పది నిమిషాలు! వేగాలు మనం అనుకున్నవే అయినా సంగతి తేటతెల్లమే. అయిదు కిలోమీటర్లు కలిసొస్తాయని పోతే రెండు గంటలకు పైగా నష్టం.

మరి కంప్యూటరుకు ఈ సంగతి ఎలా చెప్పాలి? చాలా సులువు. గీతల పక్కన కిలోమీటర్లకు బదులు నిమిషాలు రాస్తే చాలు. డైక్‌స్ట్రా పద్ధతిలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు. ఏ అంకెలు ఇచ్చామో వాటికి తగిన జవాబే వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

దారపు కంప్యూటరు

ఇదే లెక్కను కరెంటు లేకుండా కూడా చేయవచ్చు. సాగని గట్టి దారం తీసుకోండి. 5 కిలోమీటర్లకు 2 సెంటీమీటర్ల చొప్పున పైన చెప్పిన ప్రతి రోడ్డుకూ ఒక ముక్క కత్తిరించండి. 80 కి.మీ.కు 32 సెం.మీ., 55కు 22, 40కి 16, 60కి 24, 70కి 28, 50కి 20. ముడులు వేయడానికి రెండు కొసల్లోను కొంచెం అదనంగా దారం వదలండి. ముడికీ ముడికీ మధ్య ఉండే పొడవు మాత్రం సరిగ్గా ఉండాలి. ప్రతి ఊరికీ ఒక ముడి. ముడికి ఊరి పేరు రాసిన చీటీ కట్టండి.

ఇప్పుడు ఒక చేత్తో ఆదిలాబాద్ ముడిని, రెండో చేత్తో కరీంనగర్ ముడిని పట్టుకుని మెల్లగా లాగండి. మిగిలిన దారాలన్నీ వదులుగా వేలాడుతుంటే ఒక్క దారి మాత్రం బిగుసుకుంటుంది. అదే దగ్గరి దారి! మన లెక్కలో తేడా 2 సెంటీమీటర్లే కనుక జాగ్రత్తగా కొలిస్తేనే సరైన ఫలితం వస్తుంది.

అంగట్లోకి వచ్చిన ప్రోగ్రాములు

డైక్‌స్ట్రా ఉపాయం దొరికాక చాలా ఏళ్ళకు మామూలు మనుషులు కొనుక్కోగలిగిన కంప్యూటర్లు వచ్చాయి. 1988లో ఇంగ్లండులోని నెక్స్ట్‌బేస్ అనే సంస్థ 'ఆటోరూట్' అనే ప్రోగ్రామును తయారు చేసింది. బయలుదేరే ఊరు, చేరవలసిన ఊరు చెబితే చాలు. ఏ రోడ్డున ఎంత దూరం పోవాలో, ఎక్కడ మళ్ళాలో వరసగా చెప్పేది. దాన్ని కాగితం మీద అచ్చు వేసుకుని కారులో పెట్టుకునేవారు. 1994లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనేసింది. అమెరికాలో డెలార్మ్ అనే పటాల సంస్థ 1991లో ఆ దేశపు వీధులన్నింటినీ ఒకే సీడీలో పెట్టి 'స్ట్రీట్ అట్లాస్' పేరుతో అమ్మింది.

సీడీ రావడం ఎందుకంత గొప్ప? మూడున్నర అంగుళాల ఫ్లాపీలో సుమారు 1.44 మెగాబైట్ల సమాచారం పడుతుంది. సీడీలో 650 మెగాబైట్లు పడుతుంది. అంటే ఒక సీడీ దాదాపు 450 ఫ్లాపీలతో సమానం. ఫ్లాపీలో పెద్ద రోడ్లకే చోటుంటే, సీడీలో సందులకు కూడా చోటు దొరికింది.

మైక్రోసాఫ్ట్ తరువాత 'స్ట్రీట్స్ అండ్ ట్రిప్స్' అనే ప్రోగ్రామును కూడా చాలా ఏళ్ళు అమ్మింది. దాని 2013 సంచికే చివరిది. అప్పటికి అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి.

పాత ప్రోగ్రాముకు మూడు తాళాలు

పాత పుస్తకం అటక మీద దొరికితే దుమ్ము దులిపి చదువుకుంటాం. పాత ప్రోగ్రాము దొరికితే అలా కుదరదు. దానికి మూడు తాళాలుంటాయి.

మొదటి తాళం ఫ్లాపీయే. ఫ్లాపీ లోపల పలచని ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాని మీద అయస్కాంత గుణం గల పూత ఉంటుంది. అక్షరాలు, అంకెలు అన్నీ అందులో చిన్న చిన్న అయస్కాంతపు గుర్తులే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గుర్తులు బలహీనపడతాయి. తేమ తగిలితే బూజు పడుతుంది. పూత లేచిపోతుంది. ప్రసిద్ధమైన సోనీ సంస్థ కూడా 2011లో ఫ్లాపీల తయారీ ఆపేసింది. వాటిని చదివే పరికరాలూ అరుదైపోయాయి.

అందుకే పాత ఫ్లాపీ దొరికితే వెంటనే కంప్యూటరులో దూర్చకూడదు. బూజు ఉందేమో ముందు చూడాలి. తరువాత దాని మీద కొత్తగా ఏమీ రాయడానికి వీలు లేకుండా చేయాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలన జరిపే చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని జరిపి రంధ్రం తెరిచి ఉంచితే రాత ఆగిపోతుంది. అంతకంటే పాతదైన అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ అంచున ఒక గాటు ఉంటుంది. దాన్ని కాగితం అంటించి మూసేస్తే రాత ఆగిపోతుంది. ఒకదానికి తెరవాలి, ఇంకొకదానికి మూయాలి. తికమక పడకూడదు సుమా! ఆ తరువాత ఫ్లాపీలో ఉన్నదంతా మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా ఉన్నదున్నట్టు నకలు తీసుకోవాలి.

రెండో తాళం యంత్రం. పాత ప్రోగ్రాము పాత కంప్యూటరు భాషలో ఆజ్ఞలిస్తుంది. వాటిలో చాలావాటిని ఇప్పటి కంప్యూటరు నేరుగా నడపలేదు. ఇందుకు ఒక చక్కని ఉపాయం ఉంది. మన కరీంనగర్ పల్లెల్లో ఒగ్గుకథ చూసినవాళ్ళకు అది వెంటనే అర్థమవుతుంది. కథ చెప్పే కళాకారుడు ఒక్కడే. ఒక నిమిషం మల్లన్న దేవుడై మాట్లాడతాడు, మరు నిమిషం కథలోని ఆడమనిషై ఏడుస్తాడు. అలాగే కొత్త కంప్యూటరు చేత పాత కంప్యూటరు వేషం వేయించే ప్రోగ్రాములున్నాయి. వీటిని ఎమ్యులేటర్లు అంటారు. 2002లో వచ్చిన 'డాస్‌బాక్స్' అలాంటిదే. అది పాత ప్రోగ్రాము ఇచ్చే ఒక్కొక్క ఆజ్ఞనూ విని, పాత యంత్రం ఏం చేసేదో అదే చేసి చూపుతుంది. పాపం, ఆ ప్రోగ్రాముకు తాను 1988లోనే ఉన్నానన్న భ్రమ పోదు.

మూడో తాళం చట్టం. ప్రోగ్రాము పాతదైనంత మాత్రాన అందరిదీ అయిపోదు. మన దేశంలో కంప్యూటరు ప్రోగ్రామును కూడా పుస్తకంలాగే రచన కింద లెక్కవేస్తారు. రచయిత చనిపోయిన తరువాత కూడా 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. కాబట్టి 1980ల ప్రోగ్రాముల హక్కులు ఇంకా ఎవరో ఒకరి వద్ద ఉన్నట్టే. అమ్మే సంస్థ మూతపడినా, ఆ ప్రోగ్రామును ఎవరూ కొనకపోయినా హక్కు అంతటితో పోదు.

మరి ఎక్కడ వెతకాలి? 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయం ఉంది. 2015లో అది వేలకొద్దీ పాత డాస్ ప్రోగ్రాములను, ముఖ్యంగా ఆటలను, తెర మీదనే నడిపి చూసుకునే వీలు కల్పించింది. అమెరికాలో మౌంటెన్ వ్యూ పట్టణంలోను, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోను కంప్యూటర్ల చరిత్రకోసమే మ్యూజియాలున్నాయి. మన దేశంలో 1990లలో కంప్యూటరు పత్రికలతో పాటు సీడీలు వచ్చేవి. పాత కార్యాలయాల బీరువాల్లో, బడి ప్రయోగశాలల అరల్లో అవి ఇంకా ఉండవచ్చు. అయితే ముక్కూమొహం తెలియని చోటునుంచి ప్రోగ్రాము దింపుకుంటే దానితో వైరస్ రావచ్చు. మీ కంప్యూటరు మాస్టారును అడగకుండా ఆ పని చేయకండి.

మన ఆదిలాబాద్ ఎక్కడ?

మూడు తాళాలూ తెరిచామనుకుందాం. 1988 నాటి ఆటోరూట్ మన ముందు నడుస్తోంది. ఆదిలాబాద్ అని టైపు చేద్దాం. అలాంటి ఊరు దానికి తెలియదు! నిర్మల్ తెలియదు. కరీంనగర్ తెలియదు. డెలార్మ్ సీడీకి అమెరికా వీధులు తెలుసు. గోదావరి ఎక్కడుందో తెలియదు. ఎవరు కొంటారో వాళ్ళ రోడ్లనే ఆ సంస్థలు ఎక్కించాయి.

అయితే మన దారులను ఎవరూ కొలవలేదా? మనవాటిని కొలిచి చాలా కాలమైంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే మన ప్రాంతం మీదుగానే ఉత్తరానికి సాగింది. 1823 జనవరిలో ఆయన హైదరాబాదు నుంచి నాగపూరుకు పోతూ హింగణ్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆదిలాబాద్ నుంచి నాగపూరు పోయే రోడ్డు మీదనే ఆ ఊరుంది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంత దూరమో, ఎంత చార్జీనో తెలిపే పట్టికలు కండక్టరు దగ్గర ఉండేవి. ఆలోచించి చూడండి. ఊళ్ళు, వాటి మధ్య దూరాలు! డైక్‌స్ట్రా పద్ధతికి కావలసిన సరుకంతా ఆ పట్టికలో ఉంది. ఫ్లాపీ మీద లేదు, అంతే.

అంకెలకు వయసుంటుంది

ఒకవేళ 1990లలోనే ఎవరైనా మన రోడ్లతో ఇలాంటి ప్రోగ్రాము రాసి ఉంటే, దాన్ని ఇప్పుడు నడిపితే ఏం చెప్పేది?

"ఆదిలాబాద్ నుంచి 7వ నంబరు జాతీయ రహదారిలో దక్షిణానికి వెళ్ళండి. ఆర్మూరు వద్ద 16వ నంబరు జాతీయ రహదారిలోకి మళ్ళి జగిత్యాలకు వెళ్ళండి" అనేది. అప్పటికి అది అక్షరాలా నిజం. కాని 2010లో దేశంలోని జాతీయ రహదారులన్నింటికీ కొత్త నంబర్లు ఇచ్చారు. ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా పోయే రోడ్డు 44 అయింది. ఆర్మూరు, జగిత్యాల రోడ్డు 63 అయింది. ఇప్పుడు 7వ నంబరు రోడ్డు కోసం వెతికితే అది పంజాబు నుంచి బదరీనాథ్ వైపు పోతుంది. 16వ నంబరు విజయవాడ, విశాఖపట్నం మీదుగా సముద్రతీరం వెంట పోతుంది!

ఆ ప్రోగ్రాము "మీరు మూడు జిల్లాలు దాటుతారు" అని కూడా చెప్పి ఉండేది: ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్. ఇప్పుడు అదే దారిలో అయిదు జిల్లాలున్నాయి. 2016 అక్టోబరులో ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలయింది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల వేరయింది. అంతకు రెండేళ్ళ ముందు, 2014 జూన్ 2న, రాష్ట్రమే మారింది.

ఇక్కడ తప్పు ఎవరిది? డైక్‌స్ట్రా పద్ధతిలో తప్పు లేదు. ఆయన కాఫీ హోటలు ముందు కూర్చుని ఆలోచించిన రోజున అది ఎంత సరైనదో ఈ రోజూ అంతే. కూడిక పాతబడదు కదా! పాతబడింది మనం ఇచ్చిన సమాచారం. ఏ అంకెలు ఇచ్చామో వాటికి తగిన జవాబే వస్తుందని ఇందాక చెప్పుకున్నాం. ప్రోగ్రాములో పద్ధతి ఒకటి, సమాచారం ఒకటి, రెండు భాగాలుంటాయి. మొదటిదానికి వయసు లేదు. రెండోదానికి ఉంది.

పాత ప్రోగ్రాముల కోసం వెతకడానికి అసలు కారణం కూడా ఇదే. ఈ రోజు ప్రయాణానికి పాత పటం పనికిరాదు. కాని ఆనాటి ప్రయాణం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అది మంచి సాక్ష్యం. ఫోనులోని పటం ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది. నిన్నటి రోడ్డు ఎలా ఉండేదో మనకు సాధారణంగా చూపదు. ఫ్లాపీలోని పటం మాత్రం అది తయారైన రోజు దగ్గరే ఆగి ఉంటుంది.

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయం నిండాక కొన్ని ఊళ్ళు, వాటి మధ్య నడిచిన బండ్లబాటలు నీటి అడుగుకు చేరాయి. ఆ బాటల మీద ఎడ్లబండి తోలినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. వాళ్ళకు తెలిసిన దారులు ఏ ఫ్లాపీలోనూ లేవు. విదేశాల రోడ్లకు పాత డిస్కులు సాక్ష్యంగా మిగిలాయి. మన బాటలకు మాత్రం పాత సర్వే పటాలు, బస్సు పట్టికలు, పెద్దవాళ్ళ జ్ఞాపకాలే మిగిలాయి.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళ చిన్నప్పుడు మీ ఊరినుంచి పక్క ఊళ్ళకు ఏ దారిన పోయేవారో తెలుసుకోండి. నడిస్తే ఎంతసేపు, బండిలో అయితే ఎంతసేపు, వానాకాలంలో ఏ వాగు దగ్గర ఆగిపోయేవారో రాసుకోండి. ఊళ్ళను చుక్కలుగా, బాటలను గీతలుగా గీసి, గీతల పక్కన గంటలు వేయండి. అది ఏ సంవత్సరం నాటి సంగతో పటం మూలన తప్పకుండా రాయండి. సంవత్సరం లేని పటం చూసేవాళ్ళను దారి తప్పిస్తుంది. మీ బడిలో కంప్యూటరు ఉంటే ఆ పటానికి డైక్‌స్ట్రా లెక్క చేయించవచ్చు. లేకపోతే దారం ఉండనే ఉంది!

ఆలోచించి చెప్పండి: వానాకాలంలో వాగు పొంగి జన్నారం – మంచిర్యాల రోడ్డు తెగిపోయిందనుకుందాం. మన పటం ప్రకారం ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు ఇప్పుడు దగ్గరి దారి ఏది?

జవాబు: ఆసిఫాబాద్ మీదుగా పోతే 55+60+70+80=265 కి.మీ. నిర్మల్ మీదుగా పోతే 80+40+70+50=240 కి.మీ. కాబట్టి నిర్మల్ దారే దగ్గర.